శాంతి ఒప్పందాన్ని ఫైలులా నడపడం ఎలా?

గోదావరి ఏజెన్సీలో భూ బదలాయింపు కేసులు విచారించే కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. 1/70, అంటే ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1970 నాటి రెగ్యులేషన్, దాని కింద వచ్చిన కేసుల కట్టలు కట్టడం, విప్పడం, వాయిదా తేదీలు వెయ్యడం, ఆర్డర్ల నకళ్ళు తియ్యడం, ఇదీ నా ఉద్యోగం. ఈ మధ్య మావోయిస్టులతో చర్చలు, కాల్పుల విరమణ, లొంగుబాట్లు అన్న మాటలు మళ్ళీ వినపడుతుంటే మా వైపు కుర్రాళ్ళు కొందరు వచ్చి, "రేపు నిజంగా ఏదో ఒక ఒప్పందం జరిగిందనుకో బాబాయ్, ఆ మర్నాటి నుంచి మనం ఏం చెయ్యాలి?" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

మన దగ్గర చూసి నేర్చుకోవడానికి అలాంటి కాగితమే లేదు. 2004 అక్టోబరులో హైదరాబాదు మంజీరా గెస్ట్ హౌస్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ చర్చలు జరిగాయి. భూమి మీద గట్టిగానే వాదించుకున్నారు. జనవరి వచ్చేసరికి అంతా చెదిరిపోయింది. సంతకమే లేనప్పుడు అమలు ఎక్కడిది? అందుకే బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండల దాకా వెళ్తున్నాను. అక్కడ సంతకమైంది, పాతికేళ్ళు దాటింది. ఎక్కడ నడిచిందో, ఎక్కడ కూరుకుపోయిందో వేలుపెట్టి చూపించొచ్చు.

కథ క్లుప్తంగా ఇది. చక్మా, మర్మా, త్రిపుర, మ్రో లాంటి పదకొండు జాతులు పోడు కొట్టుకుని బతికే కొండలవి. 1960ల మొదట్లో కప్తాయి డ్యామ్ కట్టి యాభై నాలుగు వేల ఎకరాల సాగుభూమి ముంచారు. సుమారు లక్షమంది చెదిరిపోయారు. పోలవరం ముంపు మండలాల వాళ్ళకి ఇంతకన్నా వివరించి చెప్పక్కర్లేదు. తర్వాత 1979 నుంచి మైదానాల వాళ్ళను లక్షల్లో తెచ్చి కొండల్లో దింపారు. 1991 జనాభా లెక్కలకి అక్కడ దాదాపు సగంమంది బయటి వాళ్ళే. మధ్యలో రెండు దశాబ్దాలు శాంతిబాహిని సాయుధ పోరాటం, సైన్యం క్యాంపులు, మన దేశంలోని త్రిపుర రాష్ట్రానికి పారిపోయిన అరవై వేల పైచిలుకు శరణార్థులు. చివరికి 1997 డిసెంబరు 2న ఢాకాలో ప్రభుత్వ కమిటీ తరఫున అబుల్ హస్నత్ అబ్దుల్లా, కొండ జాతుల పార్టీ జన సంహతి సమితి (శాంతిబాహిని దాని సాయుధ దళమే) తరఫున సంతు లార్మా సంతకాలు చేశారు. మొత్తం డెబ్బై రెండు క్లాజులు.

ముందు తేదీలు వెతకండి

ఒప్పందం చేతికి రాగానే ఉపోద్ఘాతం చదవొద్దు. "గౌరవిస్తూ, గుర్తిస్తూ" అని ఉండే పేరాల మీద రేపు ఎవరూ కేసు వెయ్యలేరు. పొడుగు రిజిస్టరు ఒకటి కొనండి, గీతలు గియ్యండి. మొదటి గడిలో క్లాజు నంబరు. తర్వాత ఏం చెయ్యాలి, ఎవరు చెయ్యాలి, ఎప్పటికి, దానికి ఏ చట్టమో జీవోనో మారాలి, డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది. ఆఖరి గడి వెడల్పుగా ఉంచండి. అందులో ఇది జరిగిందని ఊళ్ళో దేన్ని చూసి చెప్తాం అన్నది రాయాలి.

ఇప్పుడు చిట్టగాంగ్ ఒప్పందాన్ని ఈ గళ్ళలో నింపి చూడండి. సమితి సభ్యుల జాబితా, ఆయుధాల జాబితా సంతకమైన 45 రోజుల్లో ఇవ్వాలి. ఆయుధాలు అప్పగించే రోజూ చోటూ కూడా ఆ 45 రోజుల్లోనే తేలాలి. తేదీ గడి నిండింది. 1998 ఫిబ్రవరి 10న ఖగ్రాఛడీ స్టేడియంలో తుపాకులు అప్పగించారు కూడా. అంటే డిసెంబరులో సంతకం, ఫిబ్రవరిలో అమలు.

ఇక సైన్యం తాత్కాలిక క్యాంపుల సంగతి. మూడు జిల్లా కేంద్రాల్లో, అలీకదం, రుమా, దిఘినాలాల్లో ఉన్న శాశ్వత స్థావరాలు, సరిహద్దు దళం తప్ప మిగతా క్యాంపులన్నీ దశలవారీగా ఎత్తేస్తారు, అందుకు గడువు నిర్ణయిస్తారు అని రాసుకున్నారు. గడువు పెట్టలేదు, పెడతామన్నారు. ఆ గడి ఇప్పటికీ ఖాళీ. 2009లో ఒక బ్రిగేడునూ ముప్పై అయిదు క్యాంపులనూ తీస్తే అదే పెద్ద వార్త అయింది. భూమి క్లాజులోనూ అంతే, కమిషన్ వేస్తారని ఉంది గాని ఎన్నేళ్ళలో తేలుస్తుందో లేదు.

నేను ఆఫీసులో చూసిందీ ఇదే. గడువు రాయని ఫైలు అడుగుకి పోతుంది. గడువున్నది పైకి వస్తుంది. సంతకాలకు ముందే మీ మాట చెల్లే అవకాశం ఉంటే మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే. ఒక పక్షం చెయ్యాల్సిన పనికి తేదీ ఉంటే రెండో పక్షం చెయ్యాల్సిన పనికీ తేదీ ఉండాలి, రెండూ జతగా నడవాలి. ఇన్ని ఆయుధాలు అప్పగించిన రోజున ఇన్ని క్యాంపులు లేవాలి. ఇంకో విడతకి ఇన్ని గ్రామాల సర్వే పూర్తవ్వాలి. మొత్తం తుపాకులు మొదటే ఇచ్చేశాక మిగతా క్లాజులన్నీ అర్జీలైపోతాయి.

కొలతలు రాసుకున్న కాగితం ఎలా ఉంటుందో చూడాలంటే 2020 జనవరి 16న ఢిల్లీలో కుదిరిన బ్రూ శరణార్థుల ఒప్పందం తీయండి. మిజోరం నుంచి వచ్చి త్రిపుర శిబిరాల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న బ్రూ కుటుంబాలకి నలభై అడుగులకు ముప్పై అడుగుల స్థలం, నాలుగు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, నెలకి అయిదు వేల చొప్పున రెండేళ్ళు, రెండేళ్ళ రేషన్, ఇంటికి లక్షన్నర అన్నారు. దాని మంచి చెడ్డలు వేరే సంగతి. కానీ ఓ పదో తరగతి పిల్ల టేపు, పాసుబుక్కు పట్టుకుని వెళ్ళి ఇచ్చారో లేదో తేల్చెయ్యగలదు. క్లాజు అలా ఉండాలి.

సంతకం చట్టం కాదు

చాలామంది ఇక్కడే సంబరపడి ఇంటికి వెళ్ళిపోతారు. ఒప్పందం అనేది రెండు పక్షాల మాట. కోర్టుకి కావలసింది చట్టం. చిట్టగాంగ్ విషయంలో 1998లో మూడు కొండ జిల్లాలకీ కలిపి ఉండే ప్రాంతీయ మండలికి చట్టం చేశారు, జిల్లా మండలుల చట్టాలు సవరించారు, ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టారు. బాగానే ఉంది. 2010 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ప్రాంతీయ మండలి చట్టమే రాజ్యాంగ విరుద్ధమంది. పై కోర్టు స్టే ఇవ్వబట్టి మండలి నిలబడింది. రాజ్యాంగంలో చోటు లేని ఏర్పాటు ఎప్పుడూ స్టే మీద బతుకుతుంది.

మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ఇంకా ఘోరం. 1995లో మాయా జాతుల గుర్తింపు, హక్కుల మీద ప్రత్యేకంగా ఒప్పందమే రాసుకున్నారు. దాన్ని రాజ్యాంగంలో పెట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ కావాలన్నారు. 1999 మేలో జరిగిన ఆ ఓటింగుకి అయిదో వంతు ఓటర్లు కూడా రాలేదు, వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది వద్దన్నారు. అక్కడితో సరి.

మన వాళ్ళకి ఇది కొత్త కాదు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. దాన్ని నమ్ముకుని డీఎడ్ చదివిన పిల్లల టెన్షన్ నేను మా వీధిలోనే చూశాను. దీనికి పక్కన 1/70ని పెట్టి చూడండి. అదీ కోర్టుకెక్కింది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

అందుకని మీ రిజిస్టరులో చట్టం గడిని బద్ధకించకుండా నింపండి. ఏ చట్టంలో ఏ సెక్షన్ మారాలి, ముసాయిదా ఎవరు రాస్తారు, అది సభకి వెళ్ళే ముందు ఆదివాసీ పక్షానికి చూపిస్తారా? ఈ ఆఖరి ప్రశ్న అడగనందుకే చిట్టగాంగ్ భూ కమిషన్ చట్టం పాడైంది. 2001లో చేసిన ఆ చట్టంలో, సభ్యుల మధ్య ఏకాభిప్రాయం రాకపోతే చైర్మన్ మాటే కమిషన్ నిర్ణయం అని పెట్టారు. చైర్మన్ రిటైర్డ్ జడ్జి, ప్రభుత్వం వేసిన మనిషి. కొండ జాతుల రాజు, మండలి అధ్యక్షుడు పక్కన కూర్చుని ఏం చెయ్యాలి మరి? ఆ ఒక్క వాక్యం సరిచెయ్యడానికి 2016 దాకా పట్టింది. సవరించాక, చట్టం నడవాలంటే కావలసిన రూల్స్ దగ్గర బండి మళ్ళీ ఆగింది.

రూల్స్ అనే మాట కింద రెండు గీతలు గియ్యండి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకి అధికారాలిచ్చే పీసా చట్టం 1996లో వస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని రూల్స్ 2011లో వచ్చాయి. పదిహేనేళ్ళు. చట్టం పాసైందని టపాకాయలు కాల్చిన వాళ్ళలో కొందరు ఆ రూల్స్ చూడకుండానే పోయారు.

భూమి దగ్గర నెమ్మదిగా నడవండి

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

చిట్టగాంగ్ ఒప్పందంలో భూమి మీద రెండు మంచి మాటలున్నాయి. జిల్లా మండలి ముందస్తు అనుమతి లేకుండా భూమిని లీజుకివ్వడం, అమ్మడం, బదలాయించడం కుదరదన్నది ఒకటి. కమిషన్ తగాదాలను ఆ ప్రాంతపు చట్టాలూ ఆచారాలూ పద్ధతుల ప్రకారం తేల్చాలన్నది రెండోది. ఈ రెండోది బంగారం లాంటి మాట, ఎందుకంటే పోడు చేసుకునేవాడి దగ్గర పట్టా ఉండదు. దింపుడు జనం దగ్గర మాత్రం ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉంది. కాగితాన్నే చూస్తే కొండవాడు ఓడిపోతాడు, ఆచారాన్ని చూస్తే గెలుస్తాడు. గొడవంతా అక్కడే. కమిషన్‌కి ఇరవై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2022 సెప్టెంబరులో రంగామాటిలో కమిషన్ సమావేశం పెట్టబోతే వలస వచ్చిన వాళ్ళ సంఘం హర్తాళ్ చేసి ఆపించింది.

మీరు చెయ్యాల్సింది ఏమిటంటే, కమిషన్ కోసం ఎదురుచూడకుండా ఆచారానికి సాక్ష్యం ముందే పోగుచెయ్యడం. ఊరి పెద్దల్ని వెంటపెట్టుకుని హద్దులు నడవండి. వాగు పేరు, బండ పేరు, ఫలానా వాళ్ళ పాత పోడు, శ్మశానం, కొలుపు చేసే చోటు, తాత నాటిన చింతచెట్టు, అన్నీ చేత్తో గీసిన పటంలో పెట్టండి. ఫోనులో జీపీఎస్ పాయింట్లు తీసుకోండి గాని చేతి పటం మానొద్దు. పెద్దాయన దాన్ని చూసి "ఇది తప్పు, వాగు ఇటు తిరుగుద్ది" అని దిద్దగలడు, ఫోను చూసి దిద్దలేడు. అటవీ హక్కుల చట్టం కింద ఉమ్మడి హక్కుల దరఖాస్తు పెట్టిన ఊళ్ళకి ఈ పని అలవాటే. చిట్టగాంగ్‌లో పోడు పన్ను వసూలు చేసేది మౌజా హెడ్‌మన్ అనే రెవెన్యూ పెద్ద. అలాంటి పాత పన్ను రసీదు ఎవరి పెట్టెలోనైనా ఉంటే అది పట్టా కన్నా విలువైంది. మన వైపు పాత శిస్తు రసీదులు, ఫారెస్టు వాళ్ళు వేసిన జరిమానా చీటీలు కూడా దాచండి. పోడు కొట్టావని ఆ రోజుల్లో జరిమానా వేశారంటే, ఆ రోజుల్లోనే నువ్వక్కడ ఉన్నావని సర్కారే రాసిచ్చినట్టు.

ఒప్పందంలో పెట్టించగలిగితే ఇంకొకటుంది. రుజువు చేసే భారం ఎవరి మీద అన్నది. 1/70 అసలు బలం ఇదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది అతనే. శ్రీకాకుళం కొండలు రగులుతున్న రోజుల్లో, 1970 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన రెగ్యులేషన్ అది. మొన్నటి ఒప్పందాల్లో కన్నా ఆ ఒక్క వాక్యంలో ఎక్కువ పదును ఉందని నా అభిప్రాయం.

అంత పదునున్నది కూడా ఎక్కడ మొద్దుబారుతుందో చెప్తాను. ఆర్డరు వస్తుంది, భూమి గిరిజనుడికి అప్పగించమని. ఆర్‌ఐ, వీఆర్వో వెళ్తారు. చేలో మిరప తోట కాపు మీద ఉంటుంది. పంట తీసుకునేదాకా ఆగుదామని పెద్దమనుషులు అంటారు. న్యాయంగానే అనిపిస్తుంది. చెట్టు కింద కూర్చుని పంచనామా మాత్రం ఆ రోజే రాసేస్తారు: "ఈ దినం సదరు భూమిని స్వాధీనపరచడమైనది". గిరిజనుడి వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. ఆ కాగితం మా ఫైల్లోకి వచ్చాక కేసు డిస్పోజల్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. నెలవారీ నివేదికలో "అమలైనవి" కింద ఒక అంకె పెరుగుతుంది. మిరప తోట అయిపోతుంది, మళ్ళీ పత్తి పడుతుంది. దున్నేది పాత మనిషే. పహాణీలో గిరిజనుడి పేరు, చేలో అతను కూలి.

ఇలాంటిది పట్టుకోవాలంటే ఆఫీసుకి వెళ్ళి లాభం లేదు. తొలకరి పడిన వారంలో చేలోకి వెళ్ళండి. నాగలి ఎవరిది, ట్రాక్టరుకి అద్దె ఎవరిచ్చారు? తర్వాత పంట నమోదు ఎవరి పేరున అయింది, ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం డబ్బు ఎవరి ఖాతాలో పడి ఎవరి చేతికి వెళ్ళింది, పత్తి ఎవరి పేరున అమ్మారు? ఇవన్నీ ఒకే పేరు పలికితేనే ఆఖరి గడిలో టిక్కు పెట్టండి. ఒక్క ఏడాది సరిపోదు, మూడు పంటలు చూడండి.

అన్ని తాళాలూ వేలాడే ఒక కాగితం

ప్రతి ఒప్పందంలోనూ ఓ చిన్న క్లాజు ఉంటుంది, చూడ్డానికి ఏమీ అనిపించదు, అది ఆగితే అన్నీ ఆగుతాయి. చిట్టగాంగ్‌లో అది ఓటర్ల జాబితా. జిల్లా మండలి ఎన్నికలకి శాశ్వత నివాసులతో జాబితా తయారుచెయ్యాలి. కొండ జాతికి చెందని శాశ్వత నివాసి అంటే చట్టబద్ధమైన భూమీ స్థిరమైన చిరునామా ఉన్నవాడని ఒప్పందంలో నిర్వచనం ఉంది. ఎవరు గిరిజనేతరుడో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చేది ఆ ప్రాంతపు రాజు. తర్వాత ప్రభుత్వం డిప్యూటీ కమిషనర్లు (మన కలెక్టర్ల లాంటివాళ్ళు) కూడా శాశ్వత నివాస సర్టిఫికెట్లు ఇవ్వొచ్చంది. జాబితా ఎక్కడిదక్కడ ఆగింది. జాబితా లేక జిల్లా మండలులకి ఎన్నికలు లేవు. 1989లో ఒక్కసారి జరిగినవే. జిల్లా మండలులకి ఎన్నికైన సభ్యులు లేరు గనక వాళ్ళు ఎన్నుకోవాల్సిన ప్రాంతీయ మండలి 1999 నుంచి తాత్కాలికంగానే నడిచింది.

మీ కాగితంలో అలాంటి క్లాజు ఏదో కనిపెట్టండి. చాలాసార్లు అది ఏదో ఒక సర్టిఫికెట్టే అవుతుంది. ఎవరు జారీ చేస్తారన్న చోట ఒక్క అధికారి పేరే ఉండేలా చూడండి. "కూడా" అన్న మాట తర్వాతి సర్క్యులర్‌లో దూరిందేమో ప్రతి మూడు నెలలకీ వెతకండి.

లెక్క ఎవరు వేస్తారు

డెబ్బై రెండు క్లాజుల్లో నలభై ఎనిమిది పూర్తిగా అమలయ్యాయని బంగ్లాదేశ్ ప్రభుత్వం చాలాకాలం చెప్పింది. ఇరవై అయిదే అయ్యాయని జన సంహతి సమితి చెప్పింది. ఇద్దరూ లెక్కపెట్టింది ఒకే కాగితాన్ని. చట్టం చేశాం గనక అమలైనట్టేనని ఒకరి లెక్క. ఎన్నిక జరగలేదు గనక కానట్టేనని ఇంకొకరి లెక్క. పర్యవేక్షణకి ముగ్గురి కమిటీ ఉంది గాని అందులో బయటి మనిషి లేడు.

కొలంబియాలో ఫార్క్ గెరిల్లాలతో చేసుకున్న 2016 ఒప్పందానికి వేరే ఏర్పాటు చేసుకున్నారు. అమెరికాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రాక్ సంస్థకి లెక్కగట్టే పని ఒప్పందంలోనే అప్పగించారు. వాళ్ళు దాన్ని 578 విడి విడి హామీలుగా చీల్చి, ప్రతిదీ మొదలే కాలేదా, కొద్దిగానా, సగమా, పూర్తా అని చూస్తూ నివేదికలు వేశారు. ఆదివాసీలు, ఆఫ్రో జాతుల అధ్యాయం మిగతా వాటికన్నా వెనకబడిందని అందులోనే తేలింది. ఎవరూ అరవకుండానే లెక్క బయటపడింది.

మీకు క్రాక్ సంస్థ రాకపోవచ్చు. ఆ నాలుగు మెట్లు మాత్రం వాడుకోండి. నేనైతే ఒకటి కలుపుతాను, జరిగి మళ్ళీ వెనక్కి పోయినవాటికి ఎర్రసిరా. మిరప తోట కేసులన్నీ అందులోకే వస్తాయి. క్లాజులన్నిటికీ సమాన మార్కులు వెయ్యొద్దు. మంత్రిత్వ శాఖకి బోర్డు తగిలించడం ఒక క్లాజే, భూమి తిరిగివ్వడం ఒక క్లాజే. అలా కూడితే ఎప్పుడూ ప్రభుత్వమే ఫస్టు క్లాసులో పాసవుతుంది.

ఒప్పందాన్ని ఒప్పుకోని వాళ్ళ సంగతి కూడా. చిట్టగాంగ్‌లో స్వయంప్రతిపత్తి చాల్లేదని విడిపోయిన వాళ్ళు 1998 చివర్లో వేరే పార్టీ పెట్టారు. ఆ తర్వాత రెండు పక్షాల మధ్యా చాలా హత్యలు జరిగాయి. పిల్లలు పోయారు, క్యాంపులు ఉండాలనేవాళ్ళకి సాకు దొరికింది. రిజిస్టరు రాసే వాళ్ళలో ఒప్పందం నచ్చని వాళ్ళను కూడా ఒకరిద్దరిని పెట్టుకోండి. తప్పులు వాళ్ళకే ముందు కనపడతాయి.

మొదటి నెలలో

ఒప్పందం నకలు అధికారికంగా, సీలుతో తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ మీద ఆధారపడొద్దు, అందులో అనుబంధాలు ఉండవు. ఊరి గ్రామసభలో కోయ వాళ్ళకి కోయలో, గోండులకి గోండిలో, కొండరెడ్లకి వాళ్ళ యాసలో చదివి వినిపించండి. అడిగిన ప్రశ్నలు తీర్మానాల పుస్తకంలో రాయండి. తేదీ ఉన్న ప్రతి క్లాజుకీ గడువుకి పదిహేను రోజుల ముందే ఒక అర్జీ, గడువు దాటిన మర్నాడు ఇంకొకటి. రెండిటికీ ఇన్వర్డ్ నంబరు వేయించుకోండి. ముద్ర వెయ్యనంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ అంటించండి. తేదీ లేని క్లాజుకి సమాచార హక్కు కింద ఒకే ప్రశ్న చాలు: "ఈ క్లాజుకి సంబంధించిన ఫైలు నంబరు ఎంత, నేటికి ఎవరి బల్ల మీద ఉంది?" ఫైలు లేదన్న జవాబు వస్తే దాన్ని జాగ్రత్తగా దాచండి, కోర్టులో అదే మొదటి కాగితం అవుతుంది.

రిజిస్టరు మాత్రం ఒక్కరింట్లో ఉంచకండి. నాయకుడింట్లో అసలే వద్దు. మూడు ప్రతులు, మూడు ఊళ్ళలో, అమావాస్యకి ఒకసారి కలిసి సరిచూసుకోవాలి.